లైన్లో ఎవరో ఉన్నారు

పొద్దున్నే పెయింటు షాపు మేస్త్రి వచ్చి, ఫోన్ల బోర్డు గది కిటికీలోంచి చెయ్యి లోపలికి చాపి, టేబుల్ మీద ఒక కమలాపండు పెట్టాడు.

"నీ మేలు మరిచిపోం అక్కా" అన్నాడు.

బోర్డక్క అప్పుడు ఒక కాల్‌ని స్టోర్సుకు కలుపుతోంది. "లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అని అవతలివాళ్లకు చెప్పి, హోల్డ్ నొక్కి, హెడ్‌సెట్‌ను ఒక చెవి మీదనుంచి జరుపుకుని ఇటు తిరిగేసరికి మేస్త్రి వరండా చివరికి వెళ్లిపోయాడు. నిలువెత్తు మనిషి. ఎంత తోమినా గోళ్లలో రంగు వదలదు. ఆవేళ ఆకుపచ్చ.

ఏం మేలు చేసిందో ఆమెకు తట్టలేదు. ఆమధ్య అతని కూతురికి జ్వరమని ఇంటినుంచి ఫోనొస్తే, షెడ్డులో మోటార్ల రొదకి ఎవరూ ఎత్తకపోతే, తనే వెళ్లి పిలుచుకొచ్చింది. దానికా? దానికైతే పండు అప్పుడే ఇవ్వాలి. ఆలోచించే తీరిక లేదు. బోర్డు మీద మరో దీపం మిణుకుమంది.

అది నీళ్ల పంపులు తయారుచేసే కంపెనీ. వెనక షెడ్లు, వాటిలో ఒకటి పంపులకు రంగు వేసే పెయింటు షాపు. ముందు ఆఫీసు. అన్నిటికీ కలిపి బయటివాళ్లకు తెలిసిన నంబరు ఒక్కటే. ఎవరు చేసినా మొదట పలికేది ఆమె గొంతే. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆమె బోర్డక్క. ఏ ఎక్స్‌టెన్షన్‌లో ఎవరుంటారో, భోజనం తర్వాత ఎవరు ఎంతసేపు ఫోనెత్తరో, ఎవరి భార్య ఫోను చేస్తే 'సీట్లో లేరండి' అనాలో, ఎవరి భార్యకైతే అలా అనకూడదో ఆమెకు కంఠతా వచ్చు. కలిపిన తర్వాత రిలీజ్ నొక్కి తప్పుకునేది. దీపం అటువైపు వెళ్లిపోయాక ఆ కాల్ ఆమెది కాదు. పక్కవాళ్ల కంచంలోకి చూడకూడదన్నట్టే పక్కవాళ్ల మాటల్లోకి తొంగిచూడకూడదు. ఇది ఎవరూ నేర్పింది కాదు.

పాత బోర్డు పోయి కొత్తది వచ్చి నెల కాలేదు. బిగించిన టెక్నీషియన్ ఒక్క పూటలో అంతస్తులన్నీ తిరిగి, ఇది హోల్డ్, ఇది ట్రాన్స్‌ఫర్, ఇది మ్యూట్ అని గడగడా అప్పజెప్పి, "అర్థమైందా?" అంటే అందరూ తలూపారు. ఆఫీసుల్లో తల ఊపడానికీ అర్థం కావడానికీ ఏ సంబంధమూ ఉండదని పాపం అతనికి తెలియదు. బోర్డక్క కూడా ఊపింది. ఆ తర్వాత వారమంతా అతనికి ఫోన్లు చేసి, ఒక్కొక్కటే అడిగి నేర్చుకుంది.

ఆ రోజెందుకో అంతా తేడాగా ఉంది. షెడ్డు వాళ్లు ఎవరు ఫోనెత్తినా "అక్కా, బాగున్నావా?" అంటున్నారు. పై అంతస్తు వాళ్లు మాత్రం "ఫలానా నంబరు" అని చెప్పి ఊరుకుంటున్నారు. టైపిస్టు రోజూ వచ్చి కూర్చుని తన మరిది పెళ్లి సంబంధాల గోల చెప్పేది, ఆవేళ గది ముందునుంచే తల దించుకుని వెళ్లిపోయింది. ఇంతలో మేనేజరుగారి ఎక్స్‌టెన్షన్ వెలిగింది.

"ఒకసారి పైకి రా."

మేనేజరు గదిలో సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసరమ్మ కూడా ఉంది. ఎప్పుడూ కుర్చీ చూపించే మేనేజరు ఈసారి చూపించలేదు. కళ్లజోడు తీసి తుడుస్తూనే అడిగాడు.

"మొన్న మధ్యాహ్నం హెడ్డాఫీసు నుంచి డైరెక్టరుగారి కాల్ నాకు కలిపింది నువ్వేగా?"

"నేనేనండి. కలిపి తప్పుకున్నానండి."

"తప్పుకున్నావా?"

ఆ రెండోసారి అడిగిన తీరు ఆమెకు ముల్లులా తగిలింది. "రిలీజ్ నొక్కానండి. దీపం మీవైపు వచ్చేసింది."

"మరి లైన్లో చప్పుడెలా వచ్చింది? నేను విన్నాను, డైరెక్టరుగారూ విన్నారు. 'లైన్లో ఎవరో ఉన్నారయ్యా' అని ఆయనే అన్నారు. గలగలమని... గాజుల చప్పుడు."

ఆమెతో సహా ముగ్గురి చూపులూ ఒక్కసారే ఆమె చేతుల మీదికి వెళ్లాయి. తెలియకుండానే బోర్డక్క చేతులు వెనక్కి పెట్టుకుంది. పెట్టుకోగానే, ఎందుకు పెట్టుకున్నానా అనిపించింది. గాజులు వెనకాల గలగలమన్నాయి.

"పెయింటు షాపు మూసేసే సంగతి మేమిద్దరమే మాట్లాడుకున్నది" అన్నాడు మేనేజరు. "ఇంకా నిర్ణయం కూడా కాలేదు. సాయంత్రానికల్లా షెడ్డంతా తెలిసిపోయింది. మేస్త్రి వచ్చి నా ఎదుట నిలబడి, 'మమ్మల్ని రోడ్డున పడేస్తారటగా' అని నేనన్న మాటే నాకు అప్పజెప్పాడు. ఎవరు చెప్పారంటే నోరు విప్పడు. నువ్వు చెప్పు, మూడో మనిషి ఎవరు?"

బోర్డక్కకు టేబుల్ మీది కమలాపండు గుర్తొచ్చింది.

"నాకు ఏమీ తెలియదండి. ఆ సంగతి ఇప్పుడు మీరు చెప్తేనే వింటున్నానండి."

"ఈమాట కాగితం మీద పెట్టి సంజాయిషీ రాసివ్వు" అంది ఆఫీసరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది. "అది తేలేదాకా బోర్డు దగ్గర వద్దు. డిస్పాచిలో కూర్చో. బోర్డు స్టోర్సు గుమస్తా చూసుకుంటాడు."

తల కొట్టేసినట్టయింది. కిందికొచ్చి హెడ్‌సెట్ తీగ చుట్టి సొరుగులో పెట్టబోయి, అది ఇక తనది కాదు కదా అని టేబుల్ మీదే వదిలేసింది. కమలాపండును ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఎవరైనా చూస్తే లంచం అంటారు. సంచిలో అడుగుకి తోసేసింది.

*

డిస్పాచిలో పని చేతులకే గానీ చెవులకు కాదు. పంపు విడిభాగాల పెట్టెలు వరసగా వస్తాయి. మూతలు మడిచి, టేపు లాగి అతికించి, పైన చిరునామా చీటీ అంటించాలి. అక్కడుండే ముసలాయనను అందరూ జిగురు బాబాయి అంటారు. టేపును పెట్టె పొడవునా లాగి, మెడ తిప్పకుండా పుటుక్కున తెంపుతాడు. బోర్డక్క తెంపితే ప్రతిసారీ వంకర పోతోంది, లేకపోతే తనకే అంటుకుంటోంది.

"కోపంగా లాగితే అది చుట్టుకుపోతుందమ్మా" అన్నాడాయన. "మెల్లిగా."

"కోపం టేపు మీద కాదు బాబాయ్."

"తెలుసు. అయినా దానికి తెలియదుగా."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆయన ఇటు చూడకుండా ఇంకో పెట్టె ముందుకు తోశాడు.

చెవులు బోసిగా ఉన్నాయి. ఎక్కడ ఫోను మోగినా చెయ్యి లేస్తోంది. గోడ అవతల బోర్డు గదిలో స్టోర్సు గుమస్తా పడుతున్న పాట్లు ఇక్కడిదాకా వినబడుతున్నాయి. "హలో, హలో, ఉన్నారా? కట్టయిందా? నేనే కట్ చేశానా?" అంటూ తనలో తనే. విడిభాగాలు కావాలన్నవాళ్లను గేటు దగ్గరి వాచ్‌మన్‌కు కలిపాడు. వాచ్‌మన్‌ కోసం చేసిన వాళ్ల బావమరిదిని మేనేజరుకు కలిపాడు. "ఏరా, నిద్రపోతున్నావా?" అని అడిగాడట ఆ బావమరిది. ఈ సంగతి జిగురు బాబాయి మొహం ఏమాత్రం మారకుండా చెప్పాడు.

మర్నాడు భోజనాల వేళ ఆమె క్యాంటీన్‌కు వెళ్లింది. గుమ్మంలో అడుగు పెట్టగానే పెయింటు షాపు వాళ్లు బల్ల మీద జరిగి చోటిచ్చారు. ఆఫీసు వాళ్లు ముగ్గురు తమ గిన్నెల్లోకి తలలు దించుకున్నారు. ఈ రెండింట్లో ఏది ఎక్కువ బాధగా ఉందో ఆమె చెప్పలేకపోయింది.

"నీకిలా అవుతుందనుకోలేదక్కా" అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి. "మావల్లే."

"మీవల్ల ఏంటి? నేను మీకేం చెప్పాను? నువ్వే చెప్పు, నేను నీతో ఏమైనా అన్నానా?"

"అనలేదక్కా" అన్నాడు మేస్త్రి వెంటనే. పక్కవాళ్ల వైపు చూసి కన్ను గీటాడు. "నువ్వు చెప్పలేదు, మేం వినలేదు. ఏరా?"

"ఏం వినలేదు" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"అయ్యో, నిజంగానే చెప్పలేదయ్యా!"

"అదే మేమూ అంటున్నాం. ప్రాణం పోయినా నీ పేరు బయటికి రాదు."

బోర్డక్కకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పైన ఉన్నవాళ్లు నమ్మరు. కిందవాళ్లు నమ్మకపోగా కాపాడతామంటున్నారు. అన్నం కలుపుతూ ఉండిపోయింది. మేస్త్రి నవ్వు మానేశాడు.

"ఒక్కటి అడగనా అక్కా? నీకు నిజంగా తెలిసుంటే మాత్రం... చెప్పేదానివి కాదా?"

ఆమె ఎత్తిన ముద్ద మళ్లీ గిన్నెలో పెట్టేసింది. అతని వెనకాల కూర్చున్నవాళ్లు కూడా తినడం ఆపి ఆమె మొహంలోకి చూస్తున్నారు. అందులో కొత్తగా పెళ్లయినవాడున్నాడు, ముగ్గురు పిల్లల తండ్రున్నాడు. ఊపిరితిత్తుల్లోకి రంగు పోకుండా కట్టుకునే గుడ్డలు వాళ్ల మెడల్లో వేలాడుతున్నాయి.

క్యాంటీన్ పిన్ని అడగకుండానే ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి ఆమె ముందు పెట్టి, వెళ్తూ వెళ్తూ భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. ఆ నొక్కులో ఏదో రహస్యం ఉంది. బోర్డక్కకు అర్థం కాలేదు.

*

ఇంట్లో అత్తగారికి చెవుడు. రోజంతా మెల్లిగా, మర్యాదగా మాట్లాడే బోర్డక్క గుమ్మం దాటి లోపలికి రాగానే అరవడం మొదలుపెట్టాలి.

"సంజాయిషీ రాయాలి అత్తయ్యా!"

"పంచదార రాశావా? ఎందుకు, చీమలు పడతాయి."

భర్త బడిపిల్లల వ్యాను తోలతాడు. పొద్దున్నించీ పిల్లల గోల మధ్య ఉండి వచ్చిన మనిషికి ఇంట్లో ఏ అరుపూ అరుపులా అనిపించదు. కాగితం, కలం తెచ్చి ఆమె ముందు పెట్టి, ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

"నేను ఏ తప్పూ చెయ్యలేదని రాసెయ్యి. అంతేగా."

"అది ఒక్క ముక్కేగా. తర్వాత?"

"తర్వాతేముంది, సంతకం."

"చేసుంటే ఎలా చేశానో, ఎందుకు చేశానో పేజీలు రాయొచ్చండి. చెయ్యనిదాని గురించి ఏం రాయను?"

అతను తల గోక్కున్నాడు. ఆమె కలం పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంది. అసలు భయం కాగితం గురించి కాదు. ఆ రోజు ఆ కాల్ కలిపిన క్షణాన్ని మనసులో పదేపదే తిప్పుకుంటోంది. డైరెక్టరుగారి గొంతు, మేనేజరుగారి 'ఆ, ఇవ్వు', తర్వాత రిలీజ్. నొక్కిందా? నొక్కింది. నొక్కి తీరుతుంది. కానీ కొత్త బోర్డు. వేలు పక్క మీట మీద పడిందేమో. తనే ఎవరికో కలిపేసిందేమో. ఎన్నిసార్లు తలుచుకుంటే అన్నిసార్లు ఆ వేలు ఒక్కో చోట కనబడుతోంది.

"ఏమండీ, నేనే పొరపాటున ఏదైనా నొక్కానేమో."

"నొక్కావా?"

"తెలియట్లేదు. అదే వచ్చిన చిక్కు."

"తెలియనిదాన్ని ఒప్పుకోకు" అన్నాడు భర్త. ఇంతసేపూ లేని గట్టిదనం వచ్చింది ఆ గొంతులోకి. "ఆ ఉద్యోగం ఉంటే ఉంది, పోతే పోయింది. చెయ్యనిదాన్ని చేశానని మాత్రం రాయొద్దు."

అత్తగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. వినబడకపోయినా మొహాలు చదవడంలో ఆమెను మించినవాళ్లు లేరు. లేచి వచ్చి, కోడలి ముందున్న కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, కంచం పెట్టింది.

"ముందు తిను. రాయడానికి చేతిలో బలం ఉండాలిగా."

*

మూడోనాటి సాయంత్రం, టీ వేళ. కాగితం మీద ఇంకా ఒక్క ముక్కే ఉంది. బోర్డక్క క్యాంటీన్‌లో గోడవైపు బల్ల మీద కూర్చుని టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. మేస్త్రి, అతని మనుషులు కొందరు అటువైపు ఉన్నారు. పిన్ని గ్లాసులు కడిగి పళ్లెంలో బోర్లిస్తోంది.

షెల్ఫు మీది ఫోను కీచుమని ఒకసారి శబ్దం చేసి, ఎవరూ ముట్టుకోకుండానే మాట్లాడింది.

"పిన్నీ, పైకి రెండు టీలు. ఒకటి చక్కెర లేకుండా."

మేనేజరు గొంతు. ఆ ఫోను అంతే, ఎత్తనక్కర్లేదు. ఎప్పుడూ చేతులు తడిగా ఉంటాయి, తడి చేత్తో ముట్టుకుంటే ఫోను పాడవుతుందని పిన్ని గోల పెడితే, బోర్డక్కే టెక్నీషియన్‌కు చెప్పి, మోగగానే దానంతటదే స్పీకర్‌లో పలికేలా పెట్టించింది.

"పంపిస్తానండి" అని పిన్ని అక్కడినుంచే కేకేసింది.

ఫోను టక్కుమంది. కానీ ఆగలేదు.

"ఆ, సార్, చెప్పండి. లైన్లోనే ఉన్నాను" అంది మేనేజరు గొంతు.

"ఏం తేల్చావయ్యా పెయింటు షాపు సంగతి?" అని ఇంకో గొంతు. బోర్డక్కకు బాగా తెలిసిన గొంతు. డైరెక్టరుగారిది.

క్యాంటీన్‌లో మాటలన్నీ ఆగిపోయాయి. పిన్ని చేతిలోని గ్లాసు పళ్లెంలో గ్లాసుకు తగిలి గలగలమంది. పిన్ని వేలు నోటిమీద పెట్టుకుని, కళ్లతోనే అందరినీ కదలొద్దంది. ఆ తర్వాత బోర్డక్క వైపు తిరిగి తెల్లబోయింది. చప్పుడు కాకుండా వచ్చి ఆమె చెవిలో గుసగుసలాడింది.

"నువ్విక్కడున్నావు కదే. మరి లైను ఎవరు తెరిచిపెట్టారు?"

"ఏ లైను?"

"ఇదే. మొన్న కూడా ఇలాగే వినిపించావుగా. మావాళ్ల మీద దయతో నువ్వే కావాలని తెరిచిపెట్టావనుకున్నా. అందుకేగా, ఎలా తెలిసిందో ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నాను. మేస్త్రికి సంగతి చెప్పినప్పుడు, బోర్డక్క పుణ్యమా అని తెలిసిందని మాత్రం అన్నాను."

బోర్డక్క ఆమెను చూసింది, పళ్లెంలోని గ్లాసులను చూసింది, ఫోనును చూసింది. గాజుల చప్పుడు. అది ఈ గ్లాసులది. ఒళ్లంతా ఒక్కసారి తేలికైంది. తన వేలు కాదు. తన వేలు ఎక్కడా జారలేదు.

లేచి నిలబడింది. ఫోను దగ్గరికి వెళ్లి, ఇక్కడ అందరికీ వినబడుతోందని చెప్పాలి. చెప్పడం ఆమె పని. రెండడుగులు వేసేసరికి మేస్త్రి అడ్డంగా లేచాడు. ముట్టుకోలేదు, అరచేయి మాత్రం చూపించాడు. అడుక్కుంటున్నట్టుంది ఆ అరచేయి.

"మా సంగతే అక్కా" అన్నాడు పెదవులతో.

"బయటికి పంపడం కుదరదు సార్" అంటోంది మేనేజరు గొంతు. "తెలిసిపోయాక అందరూ గుంపుగా వచ్చారు. నిజం చెప్పాలంటే వాళ్ల చేతిపనికి వంక లేదు. రంగు పని బయట చేయించినా, వీళ్లను పంపులు బిగించే షెడ్డులోకి సర్దొచ్చు. అక్కడ ఎలాగూ మనుషులు చాలట్లేదు."

ఫోను గరగరలాడింది. బోర్డక్క అడుగు ముందుకు పడలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా వినని మనిషి, ఇప్పుడు నిలబడి వింటోంది.

"సరే. సర్దు" అన్నాడు డైరెక్టరు. "ఒక్కడినీ తీసెయ్యక్కర్లేదు. నాకు రోజూ ఈ గోల వద్దు."

మేస్త్రి బల్లమీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. కొత్తగా పెళ్లయినవాడు పక్కవాడి వీపు మీద చప్పుడు కాకుండా గుద్దుతున్నాడు.

"కానీ ఆ ఆపరేటరు సంగతేంటి?" అన్నాడు డైరెక్టరు. "చాటుగా వినేవాళ్లను పెట్టుకుని..."

ఇప్పుడు తన సంగతి. క్యాంటీన్ మొత్తం ఆమె వైపు తిరిగింది. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు. వినాలంటే వినొచ్చు. వినాలనే ఉంది. కానీ కాళ్లు వాటంతటవే ఫోను దగ్గరికి నడిచాయి.

"నమస్కారమండి" అంది. రోజూ పొద్దున్నే మొదటి కాల్‌కు పలికే గొంతే. "నేను బోర్డు ఆపరేటర్ని మాట్లాడుతున్నాను. క్యాంటీన్‌లో ఉన్నానండి. మీ ఇద్దరి మాటలూ ఇక్కడ స్పీకర్‌లో అందరికీ వినబడుతున్నాయి. దయచేసి ఫోను పెట్టేసి మళ్లీ చేసుకోండి."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఎక్కడ ఉన్నావన్నావు?" అన్నాడు డైరెక్టరు.

"క్యాంటీన్‌లోనండి. బోర్డు దగ్గర లేను. నన్ను డిస్పాచికి మార్చారండి."

"మరి లైన్లో ఎలా..." ఆయన ఆగాడు. ఆగి, వేరే రకంగా అన్నాడు. "ఏమయ్యా మేనేజరూ."

టక్కుమని ఫోను మూగబోయింది. పిన్ని నెమ్మదిగా అడిగింది.

"టీలు పంపాలా, వద్దా?"

ముందుగా నవ్వింది ఎవరో తెలియదు. కానీ ఆ నవ్వు బల్ల చివరిదాకా పాకింది.

*

మేనేజరు కబురు పంపలేదు, తనే మెట్లు దిగి డిస్పాచికి వచ్చాడు. జిగురు బాబాయి పెట్టె ఒకటి తుడిచి ముందుకు తోస్తే దానిమీదే కూర్చున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఆయన్ని హోల్డ్‌లో పెట్టి టీ చెప్పానమ్మా. చెప్పాక మళ్లీ ఆయన లైనుకి రావాలంటే ఒక మీట నొక్కుతాను. మూడు తలకాయల బొమ్మ ఉంటుందే, అది. మీటింగు బొమ్మ కదా, ఆయనతో మీటింగే కదా అనుకున్నాను."

"అది కాన్ఫరెన్సండి. మీరు, ఆయన, క్యాంటీను. మూడు తలకాయలు."

"మొన్న కూడా టీ చెప్పాను" అన్నాడు మేనేజరు నేల చూస్తూ. "అంటే మూడో మనిషిని నేనే పిలిచి కూర్చోబెట్టాను. నిన్నేమో నిలబెట్టి అడిగాను."

బోర్డక్క పక్కనున్న పెట్టె మూత మడిచి నొక్కింది. పైకి అనని మాటలు చాలా ఉన్నాయి. ఆయన మొహం చూస్తే అవి అవసరం లేదనిపించింది. అయినా ఒకటి చెప్పాలి.

"నాకూ ఆ బొమ్మలు మొదట్లో అర్థం కాలేదండి. టెక్నీషియన్‌ను విసిగించి నేర్చుకున్నాను. కానీ ఈవేళ నేను కొంత విన్నానండి. పెయింటు షాపు మాట తేలేదాకా నోరు విప్పలేదు. అది మాత్రం నిజం."

మేనేజరు తలెత్తి చూశాడు. "తేలింది మంచి మాటేగా" అన్నాడు.

వెనకే వచ్చిన ఆఫీసరమ్మ, సంజాయిషీ అవసరం లేదనీ, ఆపరేటరు మీద ఏ ఆరోపణా లేదని నోటీసు బోర్డులో ఒక కాగితం పెట్టిస్తాననీ అంది.

"నోటీసు ఎవరు చదువుతారమ్మా?" అంది బోర్డక్క. పెట్టె అంచు పట్టుకుంది. "నామీద మాట అందరి చెవుల్లోనూ పడింది. చెవుల్లోనే తీసెయ్యాలి. కొత్త బోర్డులో పేజింగ్ ఉందండి. ఒక్క మీట నొక్కితే అన్ని అంతస్తుల్లో, షెడ్లలో ఫోన్లన్నీ ఒకేసారి పలుకుతాయి."

ఆఫీసరమ్మ కళ్లు పెద్దవయ్యాయి. మేనేజరు కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. కాదంటాడనే అనుకుంది ఆమె.

"ఏ మీటో నువ్వే నొక్కు" అన్నాడు లేస్తూ. "నేను ముట్టుకోను."

బోర్డు గదిలో స్టోర్సు గుమస్తా ఆమెను చూడగానే, జైలు తలుపు తెరుచుకున్నవాడిలా లేచి నిలబడ్డాడు. హెడ్‌సెట్ తీసి రెండు చేతులతో అందించి, "అక్కా, నీకు దండం" అన్నాడు. ఆమె కూర్చుంది. మీట నొక్కి, రిసీవర్ మేనేజరు చేతికిచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు మూడంతస్తుల్లోనూ దగ్గులా మోగింది.

"అందరికీ... నేను మేనేజర్ని. మొన్న ఆఫీసు మాట బయటికి పోయింది నా ఫోనునుంచి. నేను తప్పు మీట నొక్కడం వల్ల. బోర్డు ఆపరేటరు వినలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆమెను అనుమానించాం. అది తప్పు. ఆమెకు... క్షమాపణ చెప్తున్నాను. పెయింటు షాపు వాళ్లందరికీ బిగింపు షెడ్డులో పని ఉంటుంది. అంతే."

షెడ్లవైపునుంచి ఏదో అరుపు. ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుళ్లు, ఈలలు.

మేనేజరు రిసీవర్ పెట్టేసి, "ఆగిందా?" అని భయంగా అడిగాడు.

"ఆగిందండి" అంది ఆమె.

ఆయన వెళ్లాక పిన్ని వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడింది.

"మంచి చేస్తున్నాననుకుని నీ కొంప ముంచబోయాను కదే."

"నేనే తెరిచిపెట్టానని ఎలా అనుకున్నావు పిన్నీ? ఎప్పుడైనా అలా చేశానా?"

"చెయ్యలేదు" అంది పిన్ని. "కానీ ఇంకెవరు చేస్తారే, మావాళ్ల కోసం? నీ పేరే మనసులోకి వచ్చింది."

బోర్డక్క ఏదో అనబోయింది. దీపం వెలిగింది. పంపుకి వాషరు కావాలని ఎవరో. "లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అంది. కలిపి, తప్పుకుంది.

డ్యూటీ దిగాక బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. తల ఊచకు ఆనించడం వరకే గుర్తు. ఎవరో భుజం తట్టి లేపితే కళ్లు తెరిచింది. బస్సు ఖాళీగా ఉంది. డ్రైవరు దిగి మొహం కడుక్కుంటున్నాడు.

"చివరి స్టాపమ్మా" అన్నాడు కండక్టరు. "నీ స్టాపు ఏది?"

చెప్పింది. అతను నోటిమీద చెయ్యి వేసుకున్నాడు. అది ఎప్పుడో దాటిపోయింది. ఇంత గాఢంగా పగటిపూట నిద్రపోవడం ఆమెకు చిన్నప్పటినుంచీ గుర్తులేదు. దిగి, ఆగిన చోటే నిలబడి భర్తకు ఫోను చేసింది.

"ఎక్కడున్నావు? అమ్మ వాకిట్లో నిలబడి చూస్తోంది."

"చివరి స్టాపులో ఉన్నానండి."

"చివరి స్టాపా! ఏమైంది?"

"ఏం కాలేదు. నిద్రపోయాను."

రెండు రాత్రులుగా ఆమెకు నిద్ర లేదని అతనికి తెలుసు. అవతల అతని నవ్వు మొదలైంది. ముందు మెల్లిగా, తర్వాత ఆగకుండా. ఆమెను అడగాల్సినవన్నీ ఆ నవ్వులోనే అడిగేశాడు. ఆమె కూడా నవ్వుతూనే ఉంది, జవాబుగా.

"అక్కడే ఉండు, కదలకు. వ్యాను తీసుకొస్తున్నా."

స్టాపులో సిమెంటు బల్ల ఇంకా వెచ్చగా ఉంది. బోర్డక్క చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని కూర్చుంది. ఎదురుగా ఎవరో దుకాణం ముందు నీళ్లు చల్లుతున్నారు. ఆమె చూస్తూ కూర్చుంది. రోడ్డు మలుపులో పసుపురంగు వ్యాను కనబడి, దూరంనుంచే హారను కొట్టింది.